ఏ స్విచ్ వేసినా అన్ని లైట్లూ వెలుగుతున్నాయి!

ప్రశ్న: ఇంటి చుట్టూ ఆరు లైట్లున్నాయి, దేని స్విచ్ దానికే ఉంది. రాత్రి ఏదైనా అలికిడైతే అన్నీ ఒకేసారి వెలగాలని పడకగదిలో ఒక మాస్టర్ స్విచ్ పెట్టించాను. దాన్నుంచి ఒక వైరు లాగి ప్రతి లైటు ఫేజ్ వైరుకీ కలిపారు. మాస్టర్ వేస్తే ఆరూ వెలుగుతున్నాయి, బాగానే ఉంది. కానీ ఇప్పుడు వరండా స్విచ్ ఒక్కటి వేసినా ఆరూ వెలుగుతున్నాయి! స్విచ్‌లు పాడైపోయాయంటారా?

జవాబు: పాడవలేదు, కానీ మార్చాల్సిందే. ఎందుకో చెప్తాను.

మాస్టర్ వైరును ఆరు లైట్లకీ కలిపారంటే ఆ ఆరింటినీ ఒకదానికొకటి ముడేసినట్టే. మాస్టర్ ఆఫ్‌లో ఉన్నంత మాత్రాన ఆ ముడి ఎక్కడికీ పోదు కదా, వరండా స్విచ్ వేయగానే కరెంటు వరండా లైటు దాకా వచ్చి, అక్కణ్ణుంచి ఆ ముడి వైరు పట్టుకుని మిగతా ఐదింటికీ వెళ్ళిపోతుంది. ఇంకో మాట, మీ ఆరు లైట్లూ ఒకే ఫేజ్ మీద ఉన్నట్టున్నాయి కాబట్టి సరిపోయింది. త్రీఫేజ్ ఇంట్లో లైట్లు వేర్వేరు ఫేజ్‌ల మీద ఉండి ఎవరైనా రెండు స్విచ్‌లు వేసుంటే ఫేజ్‌కీ ఫేజ్‌కీ షార్ట్ అయ్యేది.

అసలు తిరకాసంతా ‘మాస్టర్’ అనే మాటలోనే ఉంది. రెండు వేరే పనులకి మనం ఒకటే పేరు వాడుతున్నాం. ఒకటి అన్నీ ఆర్పే మాస్టర్, హోటల్ గదిలో కార్డు తీయగానే లైట్లన్నీ ఆరిపోతాయే, అలాంటిది. అది చాలా సులువు: ఫేజ్ ముందు మాస్టర్‌లోకి వెళ్ళాలి, అక్కణ్ణుంచి విడి స్విచ్‌లన్నింటికీ లూప్ అవ్వాలి, న్యూట్రల్ నేరుగా లైట్లకి పోవాలి. మామూలు వన్-వే స్విచ్‌లు చాలు.

మీకు కావలసింది రెండోది, విడి స్విచ్ ఆఫ్‌లో ఉన్నా అన్నీ వెలిగించే మాస్టర్. ఒకటే వైరుతో ఆరింటినీ వెలిగించాలంటే విడి స్విచ్‌లు టూ-వే అయి ఉండాలి, అంటే మెట్ల దగ్గర పైనా కిందా పెడతారే, మూడు టెర్మినళ్ళవి. మాస్టర్ మాత్రం వన్-వేదే ఉండనివ్వండి. లైట్ల దగ్గర వేసిన ఆ జాయింట్లన్నీ ముందు విప్పించండి. మాస్టర్ వైరును లైటుకి కాకుండా ప్రతి స్విచ్ బోర్డుకీ తేవాలి. టూ-వే స్విచ్‌లో కామన్‌కి (స్విచ్ ఎటు నొక్కినా మిగతా రెండింట్లో ఒకదానితో కలిసే టెర్మినల్‌కి) లైటుకి వెళ్ళే వైరు, మిగిలిన రెండింట్లో ఒకదానికి ఎప్పుడూ ఉండే ఫేజ్, రెండోదానికి మాస్టర్ నుంచి వచ్చిన వైరు. మాస్టర్ ఆఫ్‌లో ఉంటే ఆ వైరులో కరెంటుండదు కాబట్టి స్విచ్ ఒకవైపు నొక్కితే వెలుగుతుంది, రెండోవైపు నొక్కితే ఆరుతుంది, మామూలుగానే. మాస్టర్ వేశారా, రెండు వైపులా ఫేజే! ఇక ఎటు నొక్కినా లైటు ఆరదు. ఆన్‌లో ఉన్న లైటుకి మాస్టర్ వైరుతో సంబంధమే ఉండదు, అందుకే ఒకటి వేస్తే ఇంకోటి వెలగదు.

ఏదైనా స్విచ్ తిరగబడి, అంటే ఆఫ్ వైపు నొక్కితే వెలుగుతుంటే కంగారు పడకండి, కామన్‌ని కదపకుండా మిగతా రెండు వైర్లూ అటూ ఇటూ మార్చిస్తే చాలు.

అన్నిటికంటే ముఖ్యం, మాస్టర్‌కీ ఆరు స్విచ్‌లకీ ఫేజ్ ఒకే ఎంసీబీ (మెయిన్ బోర్డులో ఒక్కో సర్క్యూట్‌ని ఆపే బ్రేకర్) నుంచి రావాలి. రెండు ఎంసీబీల నుంచి వస్తే ఒకటి ఆపి పనిచేసేవాడికి అదే స్విచ్‌లో రెండో ఫేజ్ తగులుతుంది. వేర్వేరు సర్క్యూట్లు తప్పవంటే ప్రతి లైటుకీ విడిగా ఒక పోల్ ఉండేలా కాంటాక్టర్ (మాస్టర్ వేయగానే విడివిడి సర్క్యూట్లని, అంటే పోల్‌లని, ఒకేసారి కలిపే కాయిల్ స్విచ్) పెట్టించుకోండి, అప్పుడు ఉన్న వన్-వే స్విచ్‌లు కూడా మార్చక్కర్లేదు.

ప్రశ్న: మాది అన్నీ ఆర్పే మాస్టరే. ఆపేశాక కూడా ఎల్‌ఈడీ బల్బులు సన్నగా మిణుకుమంటున్నాయి. కరెంటు లీకవుతోందా?

జవాబు: ముందు మాస్టర్ ఫేజ్‌ని కట్ చేస్తోందా, న్యూట్రల్‌ని కట్ చేస్తోందా టెస్టరుతో చూపించండి. న్యూట్రల్‌లో పెట్టేసుంటే మాస్టర్ ఆపినా హోల్డర్ దాకా ఫేజ్ ఉన్నట్టే, అది ప్రమాదం, వెంటనే మార్పించాలి. అది సరిగ్గానే ఉంటే మాస్టర్ మీద చిన్న ఎర్ర ఇండికేటర్ ఉందేమో చూడండి, దాని గుండా వెళ్ళే కాస్త కరెంటు పాత ఫిలమెంట్ బల్బుకి ఆనేది కాదు గానీ ఎల్‌ఈడీకి సరిపోతుంది. ఇండికేటర్ లేని స్విచ్ వేస్తే పోతుంది. రెండూ కాకపోతే, ఎప్పుడూ ఫేజ్ ఉండే వైరు పక్కనే లైటు వైరు చాలా దూరం ఒకే పైపులో వెళ్తున్నా ఇలాగే మిణుకుతుంది. దానికి టెన్షన్ అక్కర్లేదు.

ప్రశ్న: తొమ్మిది వాట్ల బల్బులు పన్నెండున్నాయి. మాస్టర్‌కి ఆరు ఆంపియర్ల స్విచ్ ఆగుతుందా?

జవాబు: ఆగుతుంది. మొత్తం 108 వాట్లు, 230 వోల్టుల మీద అర ఆంపియరు కూడా కాదు. వేసిన క్షణంలో ఎల్‌ఈడీలు చాలా ఎక్కువ లాగుతాయి గానీ ఈ లెక్కకి ఇబ్బంది లేదు. ఆ మాస్టర్ కిందకి ప్లగ్ పాయింట్లు మాత్రం తేవద్దు, రేపెవరో అందులో ఇస్త్రీ పెట్టె పెడతారు.

ప్రశ్న: మాస్టర్ ఆపేసి హోల్డర్ మార్చుకోవచ్చా?

జవాబు: వద్దు. పైన చెప్పిన రెండో రకంలో మాస్టర్ ఆపినా ఫేజ్ స్విచ్‌లలో ఉంటూనే ఉంటుంది. ఎంసీబీ దించి, టెస్టరు పనిచేస్తోందో లేదో ముందు కరెంటున్న వేరే పాయింటు మీద పెట్టి చూసుకుని, అప్పుడు హోల్డర్ దగ్గర చూసి చెయ్యి పెట్టండి.