దుకాణం నడపడం, సరుకు నిల్వ చూసుకోవడం ఒకటేనా?

కాదు. అద్దె, జీతాలు, ధరలు, అరువు ఖాతాలు, అలిగిన ఖాతాదారును బుజ్జగించడం, ఇవన్నీ దుకాణం నడపడమే. నిల్వ చూడటం అందులో ఒక భాగం. అయితే పెట్టుబడి ఇరుక్కుపోయేది అక్కడే.

విశాఖ గాజువాకలో ఒక కిరాణా కొట్టు అనుకోండి. కందిపప్పు రోజుకు 10 కిలోలు పోతుంది, ఆర్డరు పెట్టిన 3 రోజులకు టోకు వ్యాపారి నుంచి సరుకు వస్తుంది. అంటే 30 కిలోలు, జాగ్రత్తకు మరో 10. నిల్వ 40కి దిగగానే ఫోను చేయాలి. అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక వస్తే ఆ 10 చాలదు. 2014 నాటి హుద్‌హుద్‌ను చూసినవారికి చెప్పనక్కర్లేదు. బెల్లం మాత్రం కొద్దికొద్దిగానే తెప్పించుకోండి, సముద్రపు తేమకు చెమ్మగిల్లుతుంది. గడువు దగ్గరపడిన ప్యాకెట్లు ముందు వరుసలో ఉండాలి.

ఖాతాదారును బుజ్జగించడానికి ఇలాంటి లెక్క లేదు.