పులికాట్ ఒడ్డున గుడారం గురించి

డిసెంబరులో ఇద్దరు పిల్లలతో తిరుపతి నుంచి బయలుదేరి, పులికాట్ సరస్సు ఒడ్డున గుడారం వేసుకొని ఒక రాత్రి గడపవచ్చా అని మీరు అడిగారు. కాలం సరైనదే కాని, గుడారం ఆలోచన మానుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఆ ఒడ్డున పైకి గట్టిగా కనిపించే ఉప్పుపెచ్చు కింద నల్లని బురద ఉంటుంది. నాలుగేళ్ల క్రితం మేము దిగగొట్టిన మేకులు చీకటి పడకముందే గాలికి ఊడివచ్చాయి, ఇక దోమల సంగతి చెప్పనక్కరలేదు.

తెల్లవారుజామున 5 గంటలకే బయలుదేరి, శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా ముందు నేలపట్టు పక్షుల సంరక్షణ కేంద్రం చేరండి. అక్కడ చెరువు నీటిలో నిలిచిన కడప చెట్ల మీద గూడబాతులు (పెలికన్లు) గూళ్లు కట్టుకొని ఉంటాయి కనుక, పిల్లలకు అసలు వేడుక అదే. బైనాక్యులర్ తప్పక తీసుకువెళ్లండి. మధ్యాహ్న భోజనం సూళ్లూరుపేటలో ముగించుకొని, ఎండ తగ్గాక శ్రీహరికోట రోడ్డు మీద సరస్సు నడుమకు వెళితే, నీరు లోతు లేనిచోట రాజహంసలు (ఫ్లెమింగోలు) ముక్కును తలకిందులుగా ముంచి మేస్తూ కనిపిస్తాయి. షార్ (శ్రీహరికోటలోని రాకెట్ ప్రయోగ కేంద్రం) ద్వారం దాటి లోపలికి వెళ్లాలంటే మాత్రం ముందస్తు అనుమతి ఉండాలి. రాత్రికి ఆగాలనుకుంటే సూళ్లూరుపేటలోనే గది తీసుకోండి.