యిన్–యాంగ్ అంటే మంచీ చెడూ కాదు

మీరు అడిగింది: “దావో మతం ఏం నమ్ముతుంది? యిన్–యాంగ్ అంటే మంచి–చెడుల సమతూకమేనా?”

రెండోదానికి ముందు జవాబు చెప్తాను. చైనా వెళ్ళేదాకా నేనూ అలాగే అనుకున్నాను మరి. కాదండీ. యిన్ అంటే మొదట్లో కొండకు నీడపడే వైపు, యాంగ్ అంటే ఎండపడే వైపు. అంతే. నదికి ఉత్తరపు ఒడ్డున ఎండ బాగా తగులుతుంది కాబట్టి అదీ యాంగే. లోయాంగ్ నగరానికి ఆ పేరొచ్చింది లో నదికి ఉత్తరాన ఉన్నందుకే. కొండ ఒక్కటే, పొద్దున నీడున్న చోటే సాయంత్రం ఎండ. ఇందులో నీడ చెడ్డదెలా అవుతుంది? మే నెలలో మనవాళ్ళనడిగితే ఎండే చెడ్డదంటారు.

ఉద్యోగం మీద చెంగ్డూలో రెండేళ్ళున్నాను. అక్కడ హాట్‌పాట్ అని, బల్ల మధ్యలో ఎర్రటి మిరపకాయల పులుసు సలసలా కాగుతుంటే అందులో ముంచుకు తింటారు. గుంటూరు కారం తిన్నవాళ్ళం, ఇదెంత అని ధీమాగా వరసగా మూడు రోజులు తిన్నాను. నాలుగో రోజుకి నోరంతా పుళ్ళు. పక్క ఫ్లాటు పెద్దావిడ నన్ను చూసి “షాంగ్ హువో” అంది, నిప్పు పైకెక్కిందని అర్థం. సాయంత్రానికి పెసలు తొక్కతో సహా మెత్తగా ఉడికించి, పటికబెల్లం వేసి చల్లార్చి గిన్నెడు తెచ్చిచ్చింది. ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేస్తే, “వేడి చేసిందిరా, మజ్జిగ తాగు” అంది. వాళ్ళిద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు!

ఆ వేడి యాంగ్, పెసల చలవ యిన్. ఇది వైద్యం సంగతి కదా అనొచ్చు. నిజమే, యిన్–యాంగ్ దావో మతం సొంత ఆస్తి కాదు. చైనా వైద్యులూ, జాతకాలు చూసేవాళ్ళూ, పాతకాలపు చైనా గురువు కన్ఫ్యూషియస్ బాటలో నడిచినవాళ్ళూ అందరూ వాడుకున్నదే.

దావో అంటే దారి. మన ‘దోవ’లా వినిపించడం కాకతాళీయమే గానీ గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తుంది. లోకం తనంతట తాను నడిచే తీరు అది. కూర్చుని సృష్టించిన దేవుడు కాదు, ఆజ్ఞలివ్వదు. ఆ దోవకి అడ్డం పడకుండా పనిచేయడాన్ని ‘వూ వెయ్’ అంటారు. మాటకి మాట తీసుకుంటే ‘చేయకపోవడం’. బద్ధకానికి పెట్టిన ముద్దుపేరని నేనే వెక్కిరించేవాణ్ణి, దూజియాంగ్‌యాన్ చూసేదాకా.

చెంగ్డూకి సుమారు 60 కిలోమీటర్లు. క్రీ.పూ. 256 ప్రాంతంలో లీ బింగ్ అనే అధికారి మిన్ నది మీద కట్టించిన నీటి ఏర్పాటు అది. ధవళేశ్వరం చూస్తూ పెరిగినవాణ్ణి కదా, వెళ్ళగానే ఆనకట్ట ఎక్కడా అని వెతికాను. పాత కట్టడంలో అలాంటిదేం లేదు (పక్కనున్న గేట్లు ఈ కాలంవి). నది మధ్యలో చేప నోరులా ముందుకు పొడుచుకొచ్చిన గట్టు ఒకటుంది. అక్కడ నది రెండు పాయలవుతుంది. లోపలి పాయ ఇరుకు, లోతు. బయటిది వెడల్పు, మెరక. నీళ్ళు తక్కువున్న రోజుల్లో నీటిలో దాదాపు 60 శాతం, లోతుగా ఉన్న లోపలి పాయలోకి దిగి పొలాలకి పోతుంది. వరదొస్తే లెక్క తిరగబడి, 60 శాతం బయటి పాయ పట్టుకుపోతుంది. ఎత్తడానికీ దించడానికీ తలుపులు లేకుండా ఆ పంపకం నదే చేసుకుంటుంది. అలాగని మనుషులు చేతులు ముడుచుకు కూర్చోలేదు. ఏటా చలికాలంలో ఇసుక తవ్విపోసేవారు. ఒడ్డున లీ బింగ్‌కి కట్టిన గుడి గోడ మీద చెక్కిన మాట కూడా అదే: అడుగు లోతుగా తవ్వు, గట్టు ఎత్తు పెంచకు.

లీ బింగ్ దావో శిష్యుడని నేననడం లేదు. కానీ సమతూకమంటే చెరిసగం అని మనకున్న ఊహ నాకు అక్కడే పోయింది. 60–40 సరైన లెక్కే, 40–60 కూడా సరైన లెక్కే, ఏ రోజు చూశారన్నదాన్నిబట్టి.

ఇక గుళ్ళలో కనిపించే దావో మతం వేరే సంగతి. దగ్గర్లోనే చింగ్‌చెంగ్ కొండ ఉంది, క్రీ.శ. 2వ శతాబ్దంలో జాంగ్ దావోలింగ్ అనే దావో గురువు అక్కడ బోధించాడంటారు. జుట్టు నడినెత్తిన ముడేసుకున్న పూజారులు, ధూపం, మొక్కులు, బోలెడంతమంది దేవుళ్ళు. మెట్లెక్కి మోకాళ్ళు పట్టేశాక నాకేమీ తత్త్వం తట్టలేదు, నిజం చెప్పాలంటే.

చదవాలనుంటే, లావోజి అనే పాతకాలపు చైనా జ్ఞాని పేరు మీదున్న ‘దావో ద జింగ్’ అనే పుస్తకం 81 చిన్న అధ్యాయాలే. మొదటి అధ్యాయంతో మాత్రం మొదలుపెట్టకండి, చెప్పగలిగిన దావో అసలు దావో కాదంటూ గుమ్మంలోనే ఆపేస్తుంది. 8వది నీటి గురించి, అది చూడండి. తర్వాత 11వది. బండి చక్రానికి 30 ఆకులున్నా, మధ్యలో ఇరుసు దూరే ఖాళీ ఉంటేనే బండి కదులుతుందంటుంది. పొడుగూ పొట్టీ ఒకదాన్నిబట్టి ఒకటి పుడతాయన్న మాట 2వ అధ్యాయంలో ఉంది, ఆ రెండూ అయ్యాక అక్కడికి రండి.