సమాధానం: సంగీత పత్రిక కవర్ మీద ఒత్తులు విడిపోవడం

మీ సంగీత పత్రిక ప్రాజెక్టులో శీర్షిక ఒత్తులు విడిపోతున్నాయనీ, ప్రింటులో గాయని ఫోటో మసకగా వచ్చిందనీ రాశారు. టెన్షన్ పడకండి. అక్షరాలు యూనికోడ్‌లోనే (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షరాల పద్ధతి) ఉంటే తప్పు చాలావరకు సెట్టింగుదే. పేజీలు అమర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఆ పేరా సెలెక్ట్ చేసి, పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో అడోబీ వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోండి, తెలుగు ఒత్తులను సరిగ్గా కలిపేది అదే. పేరాగ్రాఫ్ స్టైల్‌లోనే పెట్టేస్తే ప్రతి పేజీలో మళ్లీ చేయక్కర్లేదు. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో టైప్ చేసిన వ్యాసాలను మాత్రం ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

శీర్షికకు రామభద్ర ఫాంట్ నాకు చాలా ఇష్టం, దూరానికి కూడా నిండుగా కనిపిస్తుంది. వ్యాసాలకు అది బరువు, మండలి ఫాంట్ వాడండి. లైన్ల మధ్య ఇంగ్లిష్‌కన్నా ఎక్కువ ఖాళీ వదలండి, లేకపోతే పై లైను ఒత్తులు కింది లైను గుడులకు తగులుతాయి.

ఫోటోకి లింక్స్ ప్యానెల్‌లో ఎఫెక్టివ్ పీపీఐ (పేజీలో పెట్టిన సైజులో అంగుళానికి ఎన్ని పిక్సెళ్లో) చూడండి, 300 దగ్గర ఉండాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో అయితే అసలు ఫైలే అడిగి తెప్పించుకోండి.