టెలిఫోన్ సిస్టమ్ ట్రైనింగ్‌కి 25 వేలు కట్టొచ్చా?

ప్రశ్న: బెంగళూరు కె.ఆర్. పురంలో ఉంటాను. పదకొండేళ్లుగా సొంతంగా ఈపీఏబీఎక్స్‌లు (ఆఫీసుల్లో లోపలి ఫోన్లను కలిపే చిన్న ఎక్స్ఛేంజీలు) బిగిస్తున్నాను. మెజెస్టిక్ దగ్గర లాడ్జీలు, నర్సింగ్ హోములు, పీణ్యాలో చిన్న ఫ్యాక్టరీలు అన్నీ కలిపి 38 చోట్ల ఏఎంసీ (వార్షిక మెయింటెనెన్స్ కాంట్రాక్టు) ఉంది. ఒక కంపెనీ డిస్ట్రిబ్యూటర్ ‘ఐదు రోజుల ట్రైనింగ్‌కి రండి, సర్టిఫికెట్ ఇస్తాం, రెండేళ్లు చెల్లుతుంది, 25 వేలు’ అంటున్నాడు. తీసుకుంటే లాభమా?

జవాబు: డబ్బు కట్టే ముందు ఆయన్ని ఒక్క మాట అడగండి. ‘సర్టిఫికెట్ వచ్చాక లైసెన్స్ పోర్టల్ లాగిన్ నా పేరు మీద ఇస్తారా?’ ఇస్తామని మెయిల్‌లో రాసిస్తే ఆలోచించండి. ‘సర్టిఫికెట్ వేరు, పార్ట్‌నర్‌షిప్ వేరు’ అన్నాడంటే ఆ పాతిక వేలూ మీ దగ్గరే ఉండనివ్వండి.

పాత సిస్టమ్‌లకు ఈ గొడవ లేదు. పానసోనిక్ కేఎక్స్-టీఈఎస్824 లాంటి పెట్టె 3 లైన్లు, 8 ఎక్స్‌టెన్షన్లతో వచ్చేది. ఎస్.పి. రోడ్‌లో కార్డు కొని గుచ్చుకుంటూ పోతే 8 లైన్లు, 24 ఎక్స్‌టెన్షన్ల దాకా పెరిగేది. బిగించేవాడి దగ్గర సర్టిఫికెట్ ఉందో లేదో ఆ పెట్టెకు పట్టేది కాదు. ఇప్పుడు నర్సింగ్ హోములో రెండు ఐపీ ఫోన్లు (కంప్యూటర్ నెట్‌వర్క్ మీద నడిచేవి) పెంచాలన్నా చాలా బ్రాండ్లలో యాక్టివేషన్ కీ కావాలి. ఆ కీ ఫలానా సీరియల్ నంబరున్న పెట్టెకే పనిచేస్తుంది. దాన్ని తీసే పోర్టల్ డీలరుకే తెరుచుకుంటుంది. మీకు లాగిన్ లేకపోతే ప్రతిసారీ ఇంకొకరికి ఫోన్ చేసి కస్టమర్ పేరు, సీరియల్ నంబరు చెప్పాలి. వచ్చే ఏడాది ఆ ఏఎంసీ కొటేషన్ నేరుగా వాళ్ల దగ్గర నుంచే వెళ్లినా ఆశ్చర్యం లేదు. సొంతంగా పనిచేసేవాళ్ల చేతుల్లోంచి కస్టమర్లు జారిపోయేది ఎక్కువగా ఇక్కడే. అందుకే నా లెక్కలో సర్టిఫికెట్ విలువంతా ఆ లాగిన్‌లోనే ఉంది.

ఖర్చు చూద్దాం. ఫీజు 25 వేలు. ఐదు రోజుల పని పోతుంది, రోజుకు 2 వేలు అనుకున్నా 10 వేలు. మొత్తం 35 వేలు. రెండేళ్లకు పంచితే నెలకు దాదాపు 1,460 రూపాయలు. ఈ ఖర్చు రాబట్టడానికి ఎన్ని కొత్త ఏఎంసీలు కావాలో మీ రేటుతో మీరే తేల్చుకోండి. రెండేళ్ల తర్వాత మళ్లీ పూర్తి ఫీజా, రెన్యువల్ పరీక్ష చాలా? సాఫ్ట్‌వేర్ వెర్షన్ మారితే మధ్యలోనే మళ్లీ రాయాలా? ఏడాదికి ఇంత సరుకు కొనాలన్న షరతు ఉందా? ఈ మూడూ అడగకుండా లెక్క పూర్తికాదు. సర్టిఫికెట్ మీ పేరు మీద వస్తుందా, సంస్థ పేరు మీద వస్తుందా అన్నదీ చూసుకోండి.

మీ 38 చోట్లలో దీని గురించి అడిగేవాళ్లు ఎందరు? లాడ్జీ మేనేజరుకు రిసెప్షన్‌లో ఫోన్ మోగితే చాలు. అడిగేది పెద్ద ఆసుపత్రులు, కార్పొరేట్ క్యాంపస్‌లు, ప్రభుత్వ రంగ సంస్థలు. వాళ్ల టెండర్లలో కూడా ఎక్కువగా ఉండేది తయారీదారు ఇచ్చే ఆథరైజేషన్ లెటర్, అంటే ఎంఏఎఫ్. అది సంస్థకు ఇస్తారు, ఆ టెండరు వరకే ఇస్తారు. గోడకు తగిలించిన ట్రైనింగ్ సర్టిఫికెట్ దాని బదులు పనికిరాదు. టెండర్ల కోసమే అయితే డీలర్‌షిప్ సంగతి మాట్లాడండి, ట్రైనింగ్ ఆ తర్వాత.

ఇక ఆ బ్రాండ్ ఎన్నాళ్లుంటుంది? నార్టెల్ 2009లో దివాలా తీసింది, దాని ఎంటర్‌ప్రైజ్ వ్యాపారాన్ని అవాయా కొంది. ఆ అవాయా కూడా 2017లో ఒకసారి, 2023లో ఇంకోసారి అమెరికాలో దివాలా రక్షణ కోరి బయటపడింది. సీమెన్స్ హైపాత్ ఫోన్ సిస్టమ్‌ల వారసత్వం యూనిఫై పేరుతో 2023లో మైటెల్‌కు చేరింది. 2025లో మైటెల్ కూడా అదే కోర్టు గుమ్మం ఎక్కింది. పానసోనిక్ బిజినెస్ ఫోన్ సిస్టమ్‌ల నుంచే తప్పుకుంది. సిస్కో తన సీసీఎన్ఏ కొలాబరేషన్ సర్టిఫికెట్‌ను 2020 ఫిబ్రవరిలో ఎత్తేసింది. పేరు పెద్దదని ధీమా పడటానికి లేదు. మీ ఊళ్లో సర్వీస్ సెంటర్ ఉందా, కార్డు పోతే ఎన్ని రోజుల్లో వస్తుంది అన్నదే చూడండి. ఈ విషయంలో వడోదరలోని మ్యాట్రిక్స్ లాంటి మన దేశపు తయారీదారుల్ని కూడా పక్కన పెట్టకండి.

ట్రైనింగ్ క్లాసులో మెనూలు నేర్పుతారు. సైట్‌లో మిమ్మల్ని రాత్రి పదింటికి పరుగెత్తించేవి చాలావరకు మెనూల్లో ఉండవు. ఒకటి చూడండి. లాడ్జీలో నాలుగు లైన్లున్నాయి, సాయంత్రానికి నాలుగూ ‘బిజీ’. బయటివాడు ఫోన్ పెట్టేసినా లైను వదలడం లేదు. కార్డు మార్చినా మర్నాటికి మళ్లీ అదే. రాగి లైన్లో అవతలివాడు పెట్టేశాడని సిస్టమ్‌కు తెలియాలంటే ఎక్స్ఛేంజి పంపే బిజీ టోన్‌నైనా గుర్తుపట్టాలి, పోలారిటీ (లైను ప్లస్, మైనస్‌లు) తిరగబడటాన్నైనా చూడాలి. మన దేశంలో బిజీ టోన్ 400 హెర్ట్జ్, 0.75 సెకను మోత, 0.75 సెకను నిశ్శబ్దం. ఎఫ్ఎక్స్ఓ గేట్‌వే (బయటి రాగి లైన్లను ఐపీ సిస్టమ్‌కు కలిపే పెట్టె) అమెరికా సెట్టింగ్‌తో వచ్చి ఉంటే 480, 620 హెర్ట్జ్ కలిసిన టోన్ కోసం, అదీ అర సెకను లయతో, ఎదురుచూస్తూ ఉంటుంది. మన టోన్ దాని చెవికి ఎక్కదు. దేశం ఇండియాగా మార్చండి. జాబితాలో లేకపోతే 400 హెర్ట్జ్, 750, 750 మిల్లీసెకన్లు చేత్తో కొట్టండి. తర్వాత మీ మొబైల్ నుంచి కాల్ చేసి, ఎత్తాక మీరే ముందు కట్ చేసి, లైను మీద మీటరు పెట్టండి. 10 వోల్టుల చుట్టూ ఉన్న రీడింగ్ కొన్ని సెకన్లలో 48 దగ్గరికి లేస్తే లైను వదిలినట్టు. లేవకపోతే టెస్ట్ ఫోన్ తగిలించి వినండి, ఎక్స్ఛేంజి అసలు బిజీ టోన్ పంపుతోందో లేదో తెలుస్తుంది. పంపకపోతే పోలారిటీ రివర్సల్ ఆ లైనుకు ఇమ్మని టెలిఫోన్ ఆఫీసులో అడగాలి.

ఇంకొకటి, సిప్ ట్రంక్ (రాగి లైన్లకు బదులు ఇంటర్నెట్ మీద వచ్చే టెలిఫోన్ లైను) పెట్టిన కొత్తలో వచ్చేది: కాల్ సరిగ్గా 32 సెకన్లకు తెగిపోతుంది. ‘నెట్ బాలేదు’ అని సర్వీస్ ప్రొవైడర్ మీద పెట్టేస్తారు. నెట్ బాగోకపోతే ప్రతిసారీ సెకను తేడా లేకుండా తెగదు. అవతల ఎత్తామన్న సందేశానికి ఇవతలి నుంచి ఏసీకే (అందిందన్న జవాబు) చేరకపోతే సిప్ నిబంధన ప్రకారం 32 సెకన్లు చూసి కాల్ వదిలేస్తారు. ఎక్కువసార్లు తప్పు రూటర్లోని సిప్ ఏఎల్‌జీది (సిప్ సందేశాలను మధ్యలో మార్చే సెట్టింగ్). దాన్ని ఆపండి, పీబీఎక్స్‌లో పబ్లిక్ ఐపీ సరిగా రాయండి. ఒకవైపే మాట వినిపిస్తుంటే మాటను మోసే ఆర్‌టీపీ పోర్టులు చూడండి, ఆస్టరిస్క్ అనే ఉచిత పీబీఎక్స్ సాఫ్ట్‌వేర్‌లో మామూలుగా 10000 నుంచి 20000 యూడీపీ.

ఈ రెండూ పట్టుకోగలిగినవాడికి ఏ కంపెనీ పెట్టె ఇచ్చినా రెండు రోజుల్లో చేతిలోకి వస్తుంది. కాబట్టి మీ స్థానంలో ముందు చేయాల్సింది వేరే ఉంది. ఒక పాత కంప్యూటర్లో ఫ్రీపీబీఎక్స్ (కంప్యూటర్‌ను పీబీఎక్స్‌గా మార్చేది) వేయండి, సాఫ్ట్‌వేర్ ఉచితం. సెకండ్ హ్యాండ్‌లో రెండు ఐపీ ఫోన్లు, ఒక ఎఫ్ఎక్స్ఓ గేట్‌వే కొనండి. నెట్‌వర్క్‌లో వెళ్లే సందేశాలను చూపే వైర్‌షార్క్‌లో ఒక మంచి కాల్, ఒక చెడ్డ కాల్ పక్కపక్కన పెట్టి చదవండి. నెట్‌వర్క్ మీద పట్టు లేదనిపిస్తే సిస్కో మామూలు నెట్‌వర్కింగ్ పరీక్ష సీసీఎన్ఏకి చదవండి. పరీక్ష రాసినా రాయకపోయినా వీల్యాన్ (ఒకే స్విచ్‌ను వేర్వేరు నెట్‌వర్క్‌లుగా విడగొట్టడం), పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్ మీదే ఫోన్‌కు కరెంటు ఇవ్వడం) భాగాలు మాత్రం వదలొద్దు. 24 ఫోన్లకు స్విచ్ కొనేటప్పుడు ఫోన్ పీఓఈ క్లాస్ 2 అయితే 7 చొప్పున 168 వాట్లు, క్లాస్ 3 అయితే 15.4 చొప్పున దాదాపు 370 వాట్లు లెక్కపెట్టాలి. క్లాస్ 3 ఫోన్లకు 24 పోర్టులున్నాయని 190 వాట్ల స్విచ్ తెస్తే సగం ఫోన్లు వెలగకపోవచ్చు.

అప్పుడు ఒక్క బ్రాండ్ సర్టిఫికెట్ తీసుకోండి. మీ 38లో ఎక్కువ చోట్ల ఏ పెట్టె ఉందో అదే. త్రీసీఎక్స్ లాంటి కొన్ని కంపెనీలు ఆన్‌లైన్ ట్రైనింగ్‌కు ఫీజు తీసుకోవు, మొదలు అక్కడే పెట్టొచ్చు.

ప్రశ్న: కొత్త ఈపీఏబీఎక్స్‌కి కొటేషన్ ఇస్తే ‘టీఈసీ సర్టిఫికెట్ ఉందా’ అని అడుగుతున్నారు. అది నేను తీసుకోవాలా?

జవాబు: అక్కర్లేదు. అది మనిషికి కాదు, పరికరానికి. టెలికమ్యూనికేషన్ ఇంజినీరింగ్ సెంటర్ దగ్గర తయారీదారో, దిగుమతిదారో తీసుకోవాలి. 2019 అక్టోబరు 1 నుంచి మొదటి విడతలోనే పీఏబీఎక్స్‌కు దీన్ని తప్పనిసరి చేశారు. మీరు అమ్మే మోడల్ నంబరున్న కాపీ డిస్ట్రిబ్యూటర్ దగ్గర తీసుకుని కొటేషన్‌కు జతచేయండి. మోడల్ పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా కొనుగోలు విభాగం వెనక్కి పంపుతుంది. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే పేరులేని గేట్‌వేలకు ఈ కాగితం ఉందో లేదో కొనేముందే చూసుకోండి. విదేశాల నుంచి ఇంటర్నెట్‌లో వచ్చే కాల్స్‌ని ఇక్కడి పీఆర్ఐ (ఒకేసారి చాలా కాల్స్ మోసే డిజిటల్ లైను) మీదికి దింపి లోకల్ కాల్స్‌గా మార్చిపెట్టమని ఎవరైనా అడిగితే మాత్రం ఎంత ఇస్తామన్నా ఒప్పుకోకండి. అది టోల్ బైపాస్, నేరం. పోలీసులు వస్తే పెట్టె బిగించినవాడి కోసం కూడా వెతుకుతారు. కొటేషన్ రాయకుండానే లేచి రండి.