పడవకు ఎలక్ట్రిక్ చోక్ వేస్తున్నారా? తాళం తిప్పగానే దానికి కరెంటు రాకూడదు

పులికాట్‌లో తిప్పే పెట్రోలు పడవకు చోక్ కేబుల్ తుప్పు పట్టి బిగుసుకుపోయింది, దాని బదులు కారు ఎలక్ట్రిక్ చోక్ వేయవచ్చా, కరెంటు ఎక్కడ తీసుకోవాలి అని అడిగారు. చోక్ అంటే చల్లని ఇంజిన్ స్టార్ట్ కావడానికి కార్బరేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం) మూతిలో గాలిని తగ్గించే ప్లేటు. ఎలక్ట్రిక్‌దైతే కరెంటు వేడికి దానంతట అదే తెరుచుకుంటుంది. ఎలక్ట్రిక్ చోక్ వేయవచ్చు, కానీ కారుది మాత్రం వద్దు. కరెంటు విషయంలో నేనే ఒకసారి తప్పు చేశాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

నాది తిరుపతి, రేణిగుంట రోడ్డులో కార్ల షెడ్డు. మా బావ సూళ్లూరుపేట దగ్గర ఒక పాత ఇన్‌బోర్డ్ (ఇంజిన్ పడవ లోపలే ఉండే) పడవ కొన్నాడు. హోలీ కంపెనీ కార్బరేటర్, మీదానిలాగే కేబుల్ చోక్. ఎలక్ట్రిక్ కిట్టు తెప్పించి నేనే బిగించాను. తాళం ఆన్ చేస్తే 12 వోల్టులు వచ్చే ఊదా రంగు వైరు నుంచి కరెంటు ఇచ్చాను. కార్లకు ఎన్నోసార్లు అలాగే చేశాను, ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

మరుసటి రోజు పొద్దున్నే బావ ఫోను, స్టార్ట్ కావడం లేదని. శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా వెళ్లి చూశాను. సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, ప్లగ్గుల్లో నిప్పు ఉంది. కార్బరేటర్ పైన ఫ్లేమ్ అరెస్టర్ (మంట బయటికి రాకుండా ఆపే జాలీ) తీసి లోపలికి టార్చి కొట్టాను. ఇంజిన్ చల్లగా ఉంది, చోక్ ప్లేటు మాత్రం నిటారుగా తెరుచుకుని నిలబడి ఉంది! అప్పుడు అర్థమైంది. పెట్రోలు పడవలో స్టార్ట్ చేసే ముందు కనీసం నాలుగు నిమిషాలు బ్లోయర్ వేసి ఇంజిన్ గదిలోని పెట్రోలు ఆవిరిని బయటికి పంపాలి. బావ తాళం ఆన్‌లోనే పెట్టి ఆ పని చేశాడు. ఆ నాలుగు నిమిషాల్లో చోక్ మూతలోని హీటర్ వేడెక్కి, లోపలి స్ప్రింగు సడలి, ప్లేటు పూర్తిగా తెరుచుకుంది. ఈ చోకులు పూర్తిగా తెరుచుకోవడానికి పట్టేది కూడా సుమారు అంత సమయమే. కారులో తాళం తిప్పిన వెంటనే స్టార్ట్ చేస్తాం కాబట్టి ఈ తేడా నాకు తట్టలేదు.

అందుకే చోక్‌కు కరెంటు ఇంజిన్ తిరిగేటప్పుడే రావాలి. ఇంజిన్ తిరిగితేనే ఆయిల్ ప్రెషర్ వస్తుంది కాబట్టి, ఊదా వైరుకూ చోక్‌కూ మధ్యలో ఆయిల్ ప్రెషర్ స్విచ్ పెట్టండి. అయితే డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలిగించే స్విచ్ దీనికి పనికిరాదు. అది ప్రెషర్ లేనప్పుడు కలుస్తుంది, ప్రెషర్ వస్తే విడిపోతుంది. మనకు ప్రెషర్ వచ్చాక కలిసేది కావాలి. కొనేటప్పుడే మల్టీమీటర్ పెట్టి చూడండి, విడిగా ఉన్నప్పుడు దాని టెర్మినళ్ల మధ్య కంటిన్యుయిటీ (కరెంటు పోయే దారి) ఉండకూడదు. ఇగ్నిషన్ కాయిల్ ప్లస్ నుంచి మాత్రం అస్సలు తీసుకోవద్దు. పాత ఇంజిన్లలో రెసిస్టెన్స్ వైరు వల్ల ఇంజిన్ తిరిగేటప్పుడు అక్కడికి పూర్తి 12 వోల్టులు రావు. చోక్ నిదానంగా తెరుచుకుంటుంది, నల్లపొగ వస్తుంది, పైగా నిప్పు బలహీనపడుతుంది.

ఇక కారుది ఎందుకు వద్దంటే, కారులో ఇంజిన్ కింద ఖాళీ, ఆవిరి గాలికి పోతుంది. పడవలో పోయే దారి లేదు. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, అడుగున చేరి అక్కడే ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. పడవ సామాను లోపల రవ్వ పుట్టినా బయటి ఆవిరి అంటుకోకుండా తయారు చేస్తారు, దానికి ఎస్ఏఈ జె1171 అనే ప్రమాణం ఉంది. చోక్ కిట్టు, స్విచ్ రెండూ మెరైన్‌వే తీసుకోండి. పనిలో పనిగా కార్బరేటరే మార్చేద్దాం, కారుది చవక అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. మెరైన్ కార్బరేటర్‌లో పెట్రోలు పొంగినా గొంతులోకే పడేలా వెంట్ గొట్టాలు వంచి ఉంటాయి. కారుదైతే బయటికి, మీ ఇంజిన్ మీదికి కారుతుంది.

బిగింపు పెద్ద పని కాదు. హౌసింగ్ వెనక చిన్న వ్యాక్యూమ్ రంధ్రం ఉంటుంది, దాని గాస్కెట్ మర్చిపోతే స్లో (ఐడిల్) సరిగ్గా నిలవదు. మైనస్ టెర్మినల్ నుంచి ఇంజిన్‌కు విడిగా ఎర్త్ వైరు లాగండి. పులికాట్‌ది ఉప్పునీరు, మామూలు రాగి లగ్గులు చూస్తుండగానే పచ్చబడతాయి. తగరం పూత ఉన్న వైరు వాడి, లగ్గు మీద జిగురున్న హీట్ స్లీవ్ వేయండి.

సెట్టింగు తెల్లవారుజామున, రాత్రంతా ఆగిన ఇంజిన్ మీద చేయండి. నల్ల మూత మూడు స్క్రూలు వదులు చేసి, ప్లేటు మెల్లగా వచ్చి మూసుకునే చోటు దాకా తిప్పి, అక్కడి నుంచి ఒక గీత లీన్ వైపు (చోక్ తగ్గే వైపు) వెనక్కి తేవాలి. మన దగ్గర డిసెంబరులో కూడా అంతకన్నా చోక్ అక్కర్లేదు. ఎండాకాలం మధ్యాహ్నం ప్లేటు సగం తెరిచే ఉంటుంది, అది లోపం కాదు.

మా బావకు అలవాటు కావడానికి వారం పట్టిన సంగతి ఒకటుంది. కేబుల్ లేదు కాబట్టి చోక్ దానంతట అది పడదు. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసే ముందు న్యూట్రల్ బటన్ (గేరు పడకుండా త్రాటిల్ ఒక్కటే కదిలేలా చేసేది) నొక్కి, త్రాటిల్ లివర్ ఒక్కసారి ముందుకు తోసి వెనక్కి తేవాలి. అప్పుడే ఫాస్ట్ ఐడిల్ క్యామ్ (చల్లని ఇంజిన్‌ను కాస్త వేగంగా తిప్పే మెట్ల ముక్క) వదులై ప్లేటు మూసుకుంటుంది. ఫ్లేమ్ అరెస్టర్ బిగించే ముందు ఒకసారి అలా చేసి చూడండి, ప్లేటు కదలడం కళ్ల ముందే కనిపిస్తుంది.