హుస్సేన్ సాగర్‌లో గాలి ఎక్కువైతే లేజర్ పడవను (ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ) గాలికి ఎదురు ఎలా నడపాలి?

ఆషాఢం గాలికి పడవ ఒరిగి, అలల్లో ఆగిపోతోందని అడిగారు. ముందు ఒరుగుడు ఆపండి. ఒరిగిన పడవ ముందుకు పోదు, పక్కకు జారుతుంది. గాలి విసురు నీళ్ల మీద నల్లగా కనబడుతుంది. అది తగిలే క్షణానికే గాలి వచ్చే వైపు పడవ బయటికి వాలి, తెరచాప తాడు కాస్త వదలాలి. ఒరిగాక వదిలితే ఆలస్యమే. వ్యాంగ్ (తెరచాప అడుగు కర్రను కిందికి లాగే తాడు), కనింగ్‌హామ్ (తెరచాప ముందంచును కిందికి లాగే తాడు) గట్టిగా బిగిస్తే తెరచాప చదునై, ఒరుగుడు తగ్గుతుంది.

అల ఎక్కేటప్పుడు పడవ ముక్కును కాస్త గాలివైపు, శిఖరం దాటగానే కాస్త అవతలికి తిప్పాలి. కానీ పడమటి గాలికి ట్యాంక్‌బండ్ దగ్గర లేచే అలలు పొట్టివి, వెంటవెంటనే వస్తాయి. ఒక్కోదానికీ తిప్పుతూ కూర్చుంటే చుక్కానే బ్రేకవుతుంది (నేను చాన్నాళ్లు చేసిన పని ఇదే!). అక్కడ మరీ గాలిలోకి దూర్చకుండా, ముక్కును గాలి నుంచి నాలుగైదు డిగ్రీలు పక్కకు దించి వేగం నిలుపుకోవడమే మేలు.